తోకలెన్ని, కర్రలెన్ని

పెద్దమాటల బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరికీ తెలియని ఇంగ్లీషు మాట ఒకటి చేతికి చిక్కితే, దాన్ని నలుగురికీ అంటించేదాకా ఆయనకి ముద్ద దిగదు. మామూలు మాటలంటే ఆయనకి మహా చిన్నచూపు. ఎవరైనా "గుడ్ మార్నింగ్ బాబాయ్" అంటే జాలిగా చూసి, "ఎందుకురా పాపం, అరిగిపోయిన మాటలు వాడతావు? పెట్టెలోంచి ఇంకా బయటికి తియ్యని కొత్త మాటలు బోలెడున్నాయి కదా!" అంటాడు.

పోనీ ఆయన బడిపంతులా అంటే కాదు. కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. ఇలాంటి షాపుల్లో గోడకి అక్షరాల బోర్డు ఉంటుంది. పైన ఏనుగంత అక్షరం, కిందికి దిగేకొద్దీ చీమలంతవి. ఇక్కడ అది లేదు. గోడకి నల్ల చెక్క చట్రం, అందులో రోజుకో అట్ట. అట్ట మీద బాబాయ్ స్వయంగా కుంచె పట్టి రాసిన ఒకే ఒక్క మాట. పై వరసలో అరచెయ్యంత, కింది వరసలో ఆవగింజంత. ఆ మాట మాదేనని ఒప్పుకోవడానికి ఇంగ్లీషువాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

పైగా "చదవండి" అనడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, "తోకలెన్ని? కర్రలెన్ని? గుండ్రాలెన్ని?" అంటాడు. కిందికి వేలాడే అక్షరం తోక. పైకి నిటారుగా నిలబడ్డది కర్ర. సున్నాలా ఉన్నది గుండ్రం. వచ్చినవాడు కాలేజీ ప్రిన్సిపాలైనా, మూటలు మోసే మనిషైనా ఇదే లెక్క.

"రెండు తోకలు బాబాయ్. ఒక కర్ర. గుండ్రాలు మూడు."

"శభాష్! మీరిప్పుడు చూసింది గాంగూజ్లర్. అంటే పనీపాటా లేకుండా కాలవ గట్టున నిలబడి, వచ్చేపోయే పడవల్ని చూస్తూ ఉండేవాడన్నమాట."

"దానికి కూడా ఒక మాటుందా!"

"ఉంది. పట్టుకెళ్లండి. వాడుకోండి. తిరిగివ్వక్కర్లేదు."

జనం నిజంగానే వాడుకునేవాళ్లు. పక్కనున్న మందుల షాపావిడ, తన అరుగు మీద ఊరికే నిలబడేవాళ్లని "గాంగూజ్లర్లూ, కాస్త జరగండి నాయనా, గాలి ఆడట్లేదు" అనేది. టైలరు మధ్యాహ్నమయ్యేసరికి కత్తెర కింద పెట్టి, "బార్బరిగ్మస్ మొదలైంది, భోంచేసొస్తా" అనేవాడు. ఆకలికి పేగులు అరవడాన్ని అలా అంటారట. ఆ వీధిలోకి కొత్తగా వచ్చినవాడు ఇదేదో పెద్ద చదువుల పేట అనుకుని, నోరు జారకుండా జాగ్రత్తగా నడిచేవాడు.

ఈ సంబడమంతా ఒక్క మనిషికే గిట్టలేదు. ఆ మనిషి షాపు కోడలు.

షాపు ఆమె మామగారిది. ఆయన పోయాక అత్తగారి పేరు మీదికి వచ్చింది, నడిపే బాధ్యత కోడలి నెత్తి మీద పడింది. అంతకుముందు ఆమె సరుకుల గోదాములో తనిఖీ అధికారి. పెట్టె మీద సబ్బులు అని రాసుంటే, లోపల సబ్బులు తప్ప ఏమైనా ఉండొచ్చు అని నమ్మే మనిషి. ఉద్యోగం మానేసినా ఆ చూపు మానలేదు. ఆమె పుట్టినరోజుకి వాళ్లాయన పూలు తెస్తే, "ఏం చేశారు? ముందు అది చెప్పండి" అంది.

అలాంటి మనిషికి బాబాయ్ బోర్డు కంట్లో నలుసైంది. ఉత్త మాటల పిచ్చికే ఇంత తతంగమా? దీని వెనకాల ఏదో ఉంది.

"బాబాయ్ గారూ, మామూలు బోర్డు ఎందుకు పెట్టరు?" అని నిలదీసింది ఒకరోజు.

"జనం కంఠతా పట్టేస్తారమ్మాయ్. లైసెన్సు కోసం వచ్చే డ్రైవర్లయితే బయట బెంచీ మీదే వల్లె వేసుకుని వస్తారు. నా మాటల్ని కంఠతా పట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు."

సమాధానం బాగానే ఉంది. కోడలికి బాగానే ఉన్న సమాధానాలంటేనే భయం.

మొదటి అనుమానం, నోరు తిరగని మాటలు పెట్టి మంచి కళ్లని కూడా చెడ్డ కళ్లంటున్నాడేమో, అవసరం లేని జోళ్లు అంటగడుతున్నాడేమో అని. ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ ఆ గదిలోనే నిలబడి గమనించింది. తీరా చూస్తే బాబాయ్ వచ్చినవాళ్లలో సగంమందిని, "మీ కళ్లు బంగారం, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోండి" అని వెనక్కి పంపేస్తున్నాడు. దాంతో ఆమెకి రెండో అనుమానం పుట్టింది. ఇలా బేరాలు పోగొట్టడానికి ఎదురు షాపువాళ్లు ఈయన్ని మేపుతున్నారేమో!

ఈ మాటే వెనక గదిలో అద్దాలు అరగదీసి జోళ్లకి బిగించే మేస్త్రి చెవిన వేసింది. ఆయన నవ్వలేక చచ్చాడు. "ఆయన్నా? ఎదురు షాపు ఓనరుని మొన్న వీధిలో ఆపి, నీలాంటివాణ్ణి అల్ట్రాక్రెపిడేరియన్ అంటారని చెప్పొచ్చాడమ్మా. తెలియని విషయాల్లో సలహాలిచ్చేవాడట. అప్పట్నుంచీ వాళ్లకీ మనకీ మాటల్లేవు."

ఎదురు షాపు అనుమానం పోయింది గానీ, ఇంకోటి వచ్చి కూర్చుంది. అది అత్తగారి గురించి.

అత్తగారికి చూపు మందగించింది. పాపం, నిజంగానే. మొన్నీమధ్య మెట్టు కనబడక తూలి, గోడ పట్టుకుని నిలబడింది. ఇంకోసారి గోడ అందకపోతే ఏమవుతుందో తలుచుకుంటే కోడలి గుండె గుభేలుమంటోంది. కళ్లజోడు లేదా అంటే, బాబాయ్ ఎన్నోసార్లు చేసిచ్చాడు. ఆవిడ ఎన్నోసార్లు పారేసుకుంది. బస్సులో ఒకటి పోయిందంది, ఒకదాన్ని కోతి ఎత్తుకెళ్లిందంది. ఆ వీధిలో కోతులు లేవు. పొద్దున్నే పేపరు ఒళ్లో పెట్టుకుని, "కళ్లు మసకమ్మాయ్, కాస్త నువ్వే చదివి పెట్టు" అనేది. కోడలు విసుక్కుంటూనే చదివేది.

ఒకరోజు దారపు ఉండ కోసం అత్తగారి కుట్టుమిషను సొరుగు లాగింది కోడలు. గుట్టలుగా కళ్లజోళ్లు! బస్సులో పోయిందీ, కోతి ఎత్తుకెళ్లిందీ, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కదాని మీద గీత లేదు.

"చూశారా!" అంది రాత్రి భోజనాల దగ్గర మొగుడితో గుసగుసగా. "ఆయన పవరు తప్పుగా వేసిస్తున్నాడు. పాపం అత్తయ్య పెట్టుకోలేక, ఆయన్ని ఏమీ అనలేక, దాచేస్తోంది!"

"అమ్మ మొహమాటపడుతుందా? నా పెళ్లిచూపుల్లో మీ నాన్నగారి మీసం బాలేదని మొహం మీదే అంది."

"అయితే ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు."

"ఆ పెద్దాయన్ని వదిలెయ్యవే బాబూ. నా పసితనం నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు."

"అదే నేనూ అంటున్నా. ఇంతకాలం ఎందుకున్నాడని!"

మర్నాడే కోడలు కొత్త బోర్డుకి కబురు పెట్టింది. వెనకాల దీపాలు వెలిగేది, మీట నొక్కితే అక్షరాలు మారేది. ఇంగ్లీషు రాకపోతే మన అక్షరాలూ వస్తాయి. బోర్డు దిగగానే బాబాయ్‌ని పిలిచి, గొంతు సవరించుకుని చెప్పింది.

"బాబాయ్ గారూ, రేపట్నుంచి పరీక్ష దీని మీదే, నేనే చేస్తా. మీరు కౌంటరు దగ్గర కూర్చుని జోళ్లు తుడవండి. మీ చట్రం అటక మీద పెట్టిస్తా."

బాబాయ్ మొహంలో రంగు తగ్గింది. చట్రంలో ఆ రోజు అట్ట మీద అప్రిసిటీ అని ఉంది. చలికాలపు ఎండలోని వెచ్చదనం అని పొద్దుటినుంచీ అందరికీ సంబరంగా చెబుతూ వచ్చాడు. ఇప్పుడు దానివైపు చూసి, కొత్త బోర్డువైపు చూసి, చేతులు నలుపుకున్నాడు.

"అలాగేనమ్మాయ్. నీ షాపు, నీ ఇష్టం. కాకపోతే ఓవర్‌మారో మార్చుకుందాం. అంటే ఎల్లుండి."

"రేపెందుకు కాకూడదు?"

"రేపు వదినగారు పరీక్షకి వస్తానంది కదా. ఆవిడది అయిపోనీ. ఆ తర్వాత నన్ను కౌంటరు దగ్గర కాదు, గుమ్మం దగ్గర కూర్చోబెట్టినా సరే."

అంతే, కోడలి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అత్తయ్య పరీక్ష మాత్రం పాత బోర్డు మీదే జరగాలా? ఎందుకట? కొత్తదాని మీద చేస్తే తన తప్పు పవర్ల బండారం బయటపడుతుందనే కదా!

"రేపే, బాబాయ్ గారూ" అంది. "మొదటి పరీక్ష అత్తయ్యకే."

ఆయన ఏ పెద్ద మాటా దొరకనట్టు, కండువాతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున షాపు కళకళలాడింది. వెలిగే బోర్డు చూడ్డానికి మందుల షాపావిడ వచ్చింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జోళ్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా తొంగిచూస్తూ నిలబడ్డారు. బాబాయ్ కౌంటరు దగ్గర ఒకే జోడుని అరిగిపోయేలా తుడుస్తున్నాడు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, చట్రం ఉండాల్సిన చోట వెలుగుతున్న బోర్డుని చూసి, అక్కడే ఆగిపోయింది.

"రండత్తయ్యా, కూర్చోండి! మీ చేతుల మీదుగానే మొదలు!"

నలుగురి మధ్యా వెనక్కి తిరగలేక అత్తగారు కుర్చీలో కూర్చుంది. కోడలు మీట నొక్కింది.

"పై వరస చదవండి."

అత్తగారు బోర్డు వైపు చూసింది. "మసకమ్మాయ్."

"మసకా? తలకాయంత అక్షరం అది. సరే, మన అక్షరాలు పెడతా. ఇప్పుడు?"

"ఇదీ మసకే."

తలకాయంత అక్షరం కనబడలేదంటే చూపు పూర్తిగా పోతున్నట్టే! ఈయన తప్పుడు అద్దాలతో మనిషిని గుడ్డిదాన్ని చేశాడు! కోడలు గబగబా ఇంకో మీట నొక్కింది. గోడంతా ఒకే ఒక్క అక్షరం.

"అత్తయ్యా, ఇదొక్కటీ... ఇదొక్కటీ చెప్పండి."

అత్తగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది. మందుల షాపావిడ "అయ్యో, ఇంత పెద్దది కూడా కనబడ్డం లేదా?" అని నోరు నొక్కుకుంది. చూసేవాళ్లు దగ్గరికి జరిగారు. అత్తగారు తలెత్తి, ఎవరి మొహమూ చూడలేక, మాట మార్చడానికన్నట్టు అంది.

"నీ జాకెట్టుకి పిన్ను ఊడింది చూసుకో అమ్మాయ్. గుచ్చుకుంటుంది."

కోడలు భుజం చూసుకుంది. నిజమే, పిన్ను ఊడి ఉంది. చిటికెన వేలంత పిన్ను. అదీ బోర్డు పక్కన, గది ఆ చివర నిలబడ్డ తన భుజం మీద.

తనిఖీ చేసిన బుర్ర కదా, క్షణంలో పెట్టెలన్నీ వరసగా తెరుచుకున్నాయి. పిన్ను కనబడుతుంది, గోడంత అక్షరం కనబడదు. సొరుగు నిండా కళ్లజోళ్లు. పొద్దున్నే ఒళ్లో పేపరు. "నువ్వే చదివి పెట్టు." ఎల్లుండి మార్చుకుందాం అన్న బాబాయ్. కోడలు మీట మీద వేలు అలాగే ఉంచి నిలబడిపోయింది. అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొక్కసారి చదవమంటే అవి నలుగురి ముందూ రాలిపోయేలా ఉన్నాయి.

ఆ వెంటనే బాబాయ్ కౌంటరు దగ్గర్నుంచి ఒక్క అరుపు అరిచాడు.

"ఆపండి! ఆ బోర్డు వెలుగులో లోపం ఉంది! ఆ మెరుపుకి ఎవరి కళ్లయినా బైర్లు కమ్ముతాయి. నాకిక్కడికే కమ్ముతున్నాయి!" అని కళ్లు చేత్తో మూసుకుని, అటూ ఇటూ ఊగి, బెంచీకి కాలు కూడా కొట్టుకున్నాడు.

"నాకేం కమ్మట్లేదే?" అంది మందుల షాపావిడ.

కోడలు తీగ పీకేసింది. బోర్డు ఆరిపోయింది.

"నిజమే బాబాయ్ గారూ" అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "నాకు పొద్దుటినుంచీ కమ్ముతూనే ఉన్నాయి. డబ్బా సరుకు అంటగట్టారు మనకి. మేస్త్రి గారూ, అటక మీంచి చట్రం దించండి."

బాబాయ్ కళ్ల మీంచి చెయ్యి తీసి ఆమెవైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. చట్రం దిగింది, ఒక అట్ట ఎక్కింది. ఆయన అత్తగారి ఒక కన్ను మూసి, "తోకలెన్ని వదినా?" అన్నాడు.

"రెండు."

"కర్రలు?"

"రెండు. మొదట్లో ఒకటి, నడిమిన ఒకటి."

"గుండ్రాలు?"

"రెండు. ఇది పాతదే కదా మరిదీ, పేగులు అరిచే మాట. కొత్తది పెట్టు!" అంది అత్తగారు దర్జాగా. చూసేవాళ్లందరూ నవ్వారు. మూడో వరస దగ్గర ఆమె తడబడింది, అద్దం మారిస్తే కుదురుకుంది. నిజంగా ఎంత మసక ఉందో అంతా తేలింది.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక కోడలు వెనక గదిలో బాబాయ్‌ని పట్టుకుంది.

"మీకెప్పట్నుంచి తెలుసు, అత్తయ్యకి..."

"ఆగు ఆగు! ఆ మాట అనకూడదమ్మాయ్" అని గుమ్మంవైపు చూశాడు. "కావాలంటే దానికో పెద్ద మాట వెతుకుతా. ఎవరికీ అర్థం కానిదైతే ఎన్నిసార్లయినా అనుకోవచ్చు."

"చిన్న మాటల్లోనే చెప్పండి బాబాయ్ గారూ. ఈ ఒక్కసారికీ."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చిన్న మాటలు అలవాటు లేక కొంచెం ఇబ్బంది పడ్డాడు.

"ఆ కుర్చీ అంటే చాలామందికి భయం. చూపు పోతుందని కాదు. చదవమంటారని. చదువు రాదని నలుగురిలో చెప్పలేక, జోడు లేకుండానే తడుముకుంటూ బతికేస్తారు. షాపు పెట్టిన కొత్తలో మామూలు బోర్డే ఉండేది. ఒకావిడ కూర్చుంది. బోర్డు చూసింది. కళ్లు బానే ఉన్నాయని లేచి వెళ్లిపోయింది. ఎవరని అడక్కు, చెప్పను. మర్నాడు ఎవరూ చదవలేని మాట వెతికి పెట్టా. రానివాళ్లకీ తెలియదు, వచ్చినవాళ్లకీ తెలియదు. అందరూ తోకలే లెక్కపెట్టాలి. ఇంక గొడవేముంది?"

"మరి కంఠతా పడతారని చెప్పారు కదా నాకు!"

"అబద్ధం చెప్పా. మొదట్లో బోర్డు కోసమే మాటలు వెతికాననుకో. తర్వాత పిచ్చి పట్టింది. అది మాత్రం నిజం."

కోడలు నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో అనుమానం అడిగింది. "మరి చేసిచ్చిన జోళ్లన్నీ ఎందుకు దాచేస్తోంది?"

"జోడు పెట్టుకుంటే పేపరు ఎవరు చదివి పెడతారు ఆవిడకి? ఆ ముక్క నాక్కూడా కొరుకుడుపడలేదమ్మాయ్. దానికి ఏ మాటా పనిచెయ్యలేదు."

కోడలు ముక్కు తుడుచుకుంది. "దాని సంగతి నాకు వదిలెయ్యండి" అంది. "మిమ్మల్ని కౌంటరు దగ్గర కూర్చోమన్నందుకు..."

"మంప్సిమస్ అంటే తెలుసా?"

"ఏంటది? తిట్టా?"

"తన తప్పు తెలిశాక కూడా మానుకోని మొండిఘటం. నువ్వు కాదని చెబుదామనుకున్నా."

మూడో రోజుకి కొత్త జోడు తయారైంది. ఆ మర్నాడు పొద్దున అత్తగారు దాన్ని పెట్టుకోకుండా ఒళ్లో పట్టుకుని, పేపరు ముందు దిగాలుగా కూర్చుంది. కోడలు కాఫీ గ్లాసు అక్కడ పెట్టి, చేతిలోంచి జోడు తీసి ఆవిడ ముక్కు మీద తనే పెట్టింది. పేపరు లాక్కుంది.

"ఇలా ఇవ్వండత్తయ్యా. ఈ పేపరువాళ్లు సిరాలో ఏదో కల్తీ చేస్తున్నారు. ఈ అచ్చు ఏ అద్దాలకీ ఆనదు. నాకే చచ్చీచెడీ కనబడుతోంది, మీరు కళ్లు పాడుచేసుకోకండి. మెట్లు దిగేటప్పుడు మాత్రం జోడు తియ్యొద్దు. నేను చదువుతా, వినండి."

అత్తగారు జోడులోంచి కోడలి మొహం చాలాసేపు చూసింది.

"కల్తీయేనంటావా?"

"నాకు అనుమానం రావాలే గానీ, వచ్చిందంటే తప్పదు కదా అత్తయ్యా."

"అయితే రోజూ నీకే శ్రమ" అంది అత్తగారు కళ్లజోడు సర్దుకుంటూ. ఆ జోడు మళ్లీ సొరుగులోకి పోలేదు.

వెలిగే బోర్డు ఇప్పుడు వెనక గదిలో ఉంది. మేస్త్రికి దీపంగా బ్రహ్మాండంగా పనికొస్తోంది. చట్రం పాత చోటికే వచ్చింది. బాబాయ్ కూడా అంతే. సాయంత్రాలు కోడలు డిక్షనరీ ముందేసుకుని, ఆయన కోసం నోరు తిరగని మాటలు ఏరుతోంది. ఒక్కొక్కదాన్నీ ఇది నిజంగా మాటేనా, ఎవరైనా కల్పించి పెట్టారా అని నాలుగు చోట్ల సరిచూసుకుంటేగాని ఆయన చేతికివ్వదు.

మొన్నొకరోజు టై కట్టుకున్న కుర్రాయన ఒకడు కుర్చీలో కూర్చుని, అట్టని చూసి మొహం చిట్లించాడు.

"ఇదేం బోర్డు మేడం? మామూలు అక్షరాల బోర్డు లేదా మీ దగ్గర? టకటకా చదివేసి వెళ్లిపోయేవాణ్ణి."

కోడలు ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి, పై నుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఎందుకండీ?" అంది కళ్లు చిన్నవి చేసి. "కంఠతా పట్టుకొచ్చారా?"

కుర్రాయన గతుక్కుమన్నాడు. పక్క బెంచీ మీద, తలపాగా చేత్తో పట్టుకుని తన వంతు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్న బండివాడు, ఆ మాట విని కాస్త వెనక్కి వాలి సర్దుకుని కూర్చున్నాడు.

"తోకలెన్నో చెప్పండి ముందు" అన్నాడు బాబాయ్. కుర్రాయన టై వదులు చేసుకుని, వేలు గాల్లో పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.